తట్టకుండా ఎత్తిన బండి

వ్యానును ఎత్తుకుపోవడానికి పొద్దున్నే వచ్చేది చంకల బండేనని కొక్కెం నిన్ననే అంచనా కట్టాడు. అందుకే సాయంత్రం వెలుగుండగానే వ్యాను వెనక తలుపు తీసి, పక్క వీధిలో మేడ కడుతున్న మేస్త్రీని అడిగి తెచ్చుకున్న ఇసక మూటలన్నీ తోక భాగంలో పేర్చాడు. పేర్చేసరికి నడుం విరిగినంత పనయింది. విరిగితే విరిగిందిలే అనుకున్నాడు. ఇక ఆ నడుముతో చెయ్యాల్సిన పని వేరే ఏముంది?

తెల్లారాక వ్యాను పక్కన స్టూలు వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

వ్యాను అతని భార్యది. ఆవిడ పోయింది, వ్యాను ఉంది. సందు చివర గోడకు ముక్కు ఆనించి, ఎడమ పక్క షోరూము అద్దాలకు మూరెడు దూరంలో ఏళ్ల తరబడి నిలబడి ఉంది. లోపల కాలితో తొక్కే కుట్టు మిషను, దారాల డబ్బాలు, గుండీల సీసాలు. కుడి పక్క రేకు పైకెత్తితే అదే కిటికీ, అదే దుకాణం. జిప్పు ఊడినా, మోకాలి దగ్గర చిరిగినా, పిల్లాడు పొడుగై ప్యాంటు పొట్టిదైనా బజారంతా ఆ కిటికీ దగ్గరికే వచ్చేది. ఆవిడ పోయాక కిటికీ మూతపడింది. కూతురు బట్టల ఫ్యాక్టరీలో మానేసి వచ్చి, వారం కిందటే మళ్లీ తెరిచింది.

ఈ రోజు మార్కెట్టు ఆఫీసరమ్మ చూడడానికి వస్తుంది. పోయినవాళ్ల జాగా పిల్లలకు దక్కాలంటే ఒకటే నిబంధన: బండి తన జాగాలో, తన చక్రాల మీద నిలబడి ఉండాలి, లోపల పని సాగుతుండాలి. చక్రాలు తీసి ఇటుకల మీద నిలబెడితే అది బండి కాదు, కొట్టు. కొట్లకు అక్కడ అనుమతి లేదు. ఆవిడ వచ్చే వేళకు జాగా ఖాళీగా కనిపిస్తే అంతే సంగతులు, షోరూము వాడికి రాసిచ్చేస్తారు.

షోరూము వాడిని బజారులో అందరూ అద్దాలాయన అంటారు. తన అద్దాలకు ఆ వ్యాను అడ్డమని ఆయన బాధ. యజమానురాలు పోయిన వ్యాను దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉందని చెప్పి, ఎత్తుకుపొమ్మని ఫోన్ చేశాడు. ఫోన్ చేసింది ఎక్కడికయ్యా అంటే, కొక్కెం వయసంతా అరగదీసిన యార్డుకే.

కొక్కెం అన్నది అతని పేరు కాదు. చెడిపోయిన బళ్లను, గుద్దుకున్న బళ్లను లాక్కొచ్చే ఆ యార్డులో మొదట్లో ఒకటే బండి ఉండేది. దాని వెనక ఒక ఇనప దూలం, దూలానికి గొలుసు, గొలుసు చివర కొక్కెం. ఆ కొక్కేన్ని కారు ఇరుసుకు తగిలించడం, ముందు భాగం గాల్లోకి లేపడం, ఈడ్చుకురావడం. బంపర్లు వంగేవి, రంగు లేచిపోయేది, అడిగే నాథుడు లేడు. ఇప్పుడు తుక్కు కింద పోయే కార్లకు తప్ప దాన్ని తియ్యరు. బండి మూలపడ్డా పేరు మాత్రం ఇతనికి అంటుకుని ఊడలేదు.

ఆ రోజుల్లోనే అతను యార్డులో ఒక అలవాటు పెట్టాడు. ఏ బండినైనా ఎత్తేముందు దాని ఒంటి మీద అరచేత్తో చరిచి, “లోపలెవరైనా?” అని కేకెయ్యాలి. వెనక సీట్లో ఏ డ్రైవరో కునుకు తీస్తుంటాడు. తల్లి మందులు కొనడానికి దిగితే పసిపిల్ల ఒంటరిగా పడుకుని ఉంటుంది. లోపలి నుంచి పలికారా, కొక్కెం దించెయ్యాలి. ఎత్తమన్నది ఓనరైనా, పోలీసైనా సరే, మనిషున్న బండి జోలికి పోకూడదు. అతని చేతి కింద పని నేర్చినవాళ్లందరికీ అది ఒంటబట్టింది. ఇంట్లో బీరువా తీసేముందు కూడా చరుస్తున్నారని వాళ్ల పెళ్లాలు చెప్పుకుని నవ్వుకుంటారు.

అతను అనుకున్నట్టే చంకల బండి వచ్చింది. తోలుకొచ్చింది బక్కోడు. గాలొస్తే ఎగిరిపోయేలా ఉండే మనిషి. ఇద్దరు పిల్లల తండ్రయినా కొక్కెం ముందు ఇంకా చేతులు కట్టుకునే నిలబడతాడు.

“నమస్తే గురువుగారూ.”

“నమస్తే సరే. ఎందుకొచ్చావు?”

“మీకు తెలుసు కదండీ.”

“తెలుసు. నీ నోటితో విందామని.”

బక్కోడు నేలకేసి చూశాడు. “వదిలేసిన వ్యాను ఒకటుంది, ఎత్తుకు రారా అన్నాడు ఓనరు.”

“వదిలేసిందా? మరి పక్కన స్టూలు మీద ఉన్నదెవరు? దిష్టిబొమ్మా?”

“నా చేతిలో ఏముందండీ...”

“నీ చేతిలో బండి ఉంది. ఎత్తుకో. నేనేమన్నా అడ్డం పడుకున్నానా?”

అంత సులువుగా ఒప్పుకునేసరికి బక్కోడికి అనుమానమొచ్చింది. వచ్చినా చేసేదేముంది? వ్యాను ఒంటి మీద చరిచాడు. “లోపలెవరైనా?” ఎవరూ పలకలేదు. కూతురు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది, ఇంకా రాలేదు.

వీధుల్లో అడ్డదిడ్డంగా పెట్టిన కార్లను ఎత్తుకుపోవడంలో చంకల బండిని మించింది లేదు. చిన్నది, చురుకైనది. వెనక నుంచి రెండు ఇనప చేతులు చాచి, కారు రెండు చక్రాలనూ చంటిపిల్లను చంకల కింద పట్టినట్టు పట్టి లేపేస్తుంది. గొలుసు గోల లేదు, గీత కూడా పడదు. కానీ దానికో బలహీనత ఉంది. తోకకు మితిమీరిన బరువు తగిలించుకుంటే దాని ముక్కు నేల మీద నిలవదు.

బక్కోడు చేతులు చాపాడు, చక్రాలు పట్టాడు, మీట నొక్కాడు. వ్యాను తోక బెత్తెడు లేచింది. అంతకు రెట్టింపు చంకల బండి మూతి లేచింది. ముందు చక్రాలు రెండూ గాల్లో గిర్రున తిరిగాయి. సీట్లో కూర్చున్న బక్కోడికి రోడ్డు పోయి ఆకాశం కనిపించింది.

సందు మొదట్లో తాళాలు బాగుచేసే ఆయన పని ఆపేసి లేచి నిలబడ్డాడు. “ఏం బాబూ, బండికి టిక్కెట్టు తీసుకున్నావా, విమానానికి తీసుకున్నావా?”

చుట్టూ నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వారు. బక్కోడు గబగబా దించేసి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “ఏం పెట్టారండీ లోపల?”

“మా ఆవిడ జ్ఞాపకాలు. బరువెక్కువ.”

బక్కోడు నవ్వాలో వద్దో తెలియక చేతులు నలుపుకున్నాడు. “నేను వెళ్లి ఎత్తలేకపోయానని చెబుతా. ఓనరు ఊరుకోడండి.”

“ఊరుకోమని ఎవరు బతిమాలారు?”

అద్దాలాయన మెట్ల మీద నిలబడి ఇదంతా చూశాడు. చెవి దగ్గర ఫోను పెట్టుకుని లోపలికి వెళ్లాడు.

కూతురు వచ్చేసరికి బక్కోడు వెళ్లిపోయాడు. పక్క తలుపు తీసి లోపలికి తొంగి చూసి, “ఏంటి నాన్నా ఇది? కుట్టు మిషను పెట్టిన చోట ఇల్లు కడుతున్నావా?” అంది.

“వెళ్లి కూర్చో. పని మొదలెట్టు.”

“మూటల మీంచి దూకి వెళ్లాలా?”

“మీ అమ్మయితే దూకేది.”

“మా అమ్మయితే ముందు నిన్ను తిట్టి తర్వాత దూకేది.” దూకింది. కిటికీ రేకు ఎత్తలేదు. ఆఫీసరమ్మ వచ్చేదాకా ఎత్తొద్దని తండ్రి మాట. కిటికీ తెరిచి ఉంటే అందులోంచి అద్దాలాయన మనుషులు చెయ్యి పెట్టి మిషను లాగేస్తారని అతని భయం. అంత భయం అక్కర్లేదని ఆమె అంది. అతను వినలేదు. అతను వినడన్నది ఆ ఇంట్లో కొత్త సంగతి కాదు.

తర్వాత వచ్చింది పళ్లెం బండి. దాని వీపంతా ఒకటే పొడుగాటి ఇనప పళ్లెం. అది వెనక్కి జారి, వాలి, చివర నేలకు ఆనుతుంది. కారుకు తీగ తగిలించి మరతో చుట్టుకుంటూ పోతే కారు తనంతట తానే పళ్లెం మీదికి ఎక్కి కూర్చుంటుంది. చక్రం రోడ్డుకు తగలదు. కొత్త కార్లు, ఖరీదైన కార్లు, నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే కార్లు దాని మీదే పోవాలి. రెండు చక్రాలు ఎత్తి రెండు ఈడిస్తే వాటి గేరు పెట్టె పొడి పొడి అవుతుంది. దాన్ని తోలేవాణ్ని యార్డులో నత్త అంటారు. లావుపాటి మనిషి. తిండి తప్ప ఏదీ తొందరగా చెయ్యడు. అతను ఎక్కించిన కారుకు ఇంతవరకు వెంట్రుకంత గీత పడలేదు. అదే అతని గర్వం.

నత్త దిగాడు. సందు పొడవు చూశాడు, వంపు చూశాడు, తాళాలాయన బల్ల చూశాడు.

“ఆ బల్ల కాస్త జరుపుతారా?”

“కాలు నొప్పి” అన్నాడు తాళాలాయన.

“మీ కాలు కాదండీ, బల్ల.”

“దానికీ నొప్పే.”

నత్త నిట్టూర్చాడు. బల్లను తప్పించుకుంటూ, ముందుకూ వెనక్కూ పదిసార్లు తిప్పుకుంటూ, చివరికి ఎలాగో పళ్లెం వాల్చాడు. తీగ లాక్కుంటూ వచ్చి వ్యాను వెనక నిలబడ్డాడు. కొక్కెం వైపు చూశాడు. కొక్కెం ఆకాశం వైపు చూస్తున్నాడు. నత్త వ్యాను మీద చరిచాడు. “లోపలెవరైనా?”

“ఉన్నాను” అంది లోపలి గొంతు. “జిప్పు వేస్తున్నాను. నీదేమన్నా ఊడిందా?”

నత్త ఉలిక్కిపడి ముందు తన ప్యాంటు చూసుకున్నాడు. తర్వాత అతని మొహం వెలిగిపోయింది. “మనిషుంది” అని బజారంతా వినబడేలా అరిచాడు. “మనిషున్న బండి మేం ఎత్తం.” వచ్చినప్పటికి రెట్టింపు వేగంతో తీగ చుట్టేశాడు. నత్తను అంత చురుగ్గా ఎవరూ చూసి ఉండరు.

“పెద్దాయనా, ఈసారి ఓనరే వస్తాడు” అన్నాడు ఎక్కబోతూ.

“రానీ.”

“ఏనుగుతో వస్తాడు.”

కొక్కెం కాలు మీది కాలు తీసి కింద పెట్టాడు.

ఏనుగంటే యార్డులో అన్నిటికన్నా పెద్ద బండి. గుండ్రంగా తిరిగే క్రేను ఉంటుంది దానికి. బోల్తాపడ్డ లారీలను, లోయలోకి జారిన బస్సులను లేపడానికి తప్ప బయటికి తియ్యరు. నాలుగు ఇనప కాళ్లు నేల మీద పాతుకుని, తొండం చాపి, వెడల్పాటి పట్టీలు బండి కడుపు కింద వేసి, గాల్లోకే ఎత్తేస్తుంది. ఎత్తి ఎటు కావాలంటే అటు తిప్పి దించుతుంది. దానికి సందు అక్కర్లేదు, చక్రం అక్కర్లేదు. ఇసక మూటలు దానికి లెక్కే కాదు.

భార్య పోయిన రోజు కొక్కెం దాని మీటల దగ్గరే ఉన్నాడు. కొండ దారిలో లారీ తిరగబడింది. పొద్దున్నుంచి లేపుతున్నారు. ఆ కొండ మీద ఫోన్లు పలకవు. ఆసుపత్రి నుంచి కబురు యార్డుకు వచ్చింది, యార్డు నుంచి ఒక మనిషి ఆ కబురు పట్టుకుని కొండెక్కాడు. క్రేను దాకా రానివ్వకుండా ఆ మనిషిని ఆపేసి కబురు తన దగ్గర పెట్టుకున్నవాడు యార్డు ఓనరు, కొక్కేనికి స్వయానా బావమరిది. లారీ నిటారుగా నిలబడి, పట్టీలు విప్పాక, అప్పుడు చెప్పాడు. కొక్కెం వెళ్లేసరికి మంచం మీద దుప్పటి మొహం దాకా లాగేసి ఉంది.

సగంలో లేచిన లారీని వదిలి రాకూడదన్నది కొక్కేనికి తెలియని సంగతి కాదు. ఆ పాఠం చెప్పిందే అతను. వెంటనే చెప్పినా అందేవాడు కాదేమో, అదీ తెలుసు. తెలిసినంత మాత్రాన క్షమించాలని ఎక్కడుంది? ఆ రోజే యార్డు గేటు దగ్గర నిలబడి, నీ ఇనుము మళ్లీ ముట్టుకుంటే నా చెయ్యి పుచ్చిపోవాలి అని వచ్చేశాడు. మళ్లీ ఆ గేటు తొక్కలేదు. బావమరిది రెండుసార్లు ఇంటికొస్తే తలుపు తియ్యలేదు.

ఏనుగు సందు మొదట్లో ఆగింది. కాళ్లు దించింది. కాళ్ల కింద చెక్కలు పరవడానికి బక్కోడిని తెచ్చుకున్నాడు బావమరిది. ఇస్త్రీ ప్యాంటు, నల్ల కళ్లద్దాలు. డ్రైవరు పని మానేసి ఓనరయ్యాక అలవడ్డ వేషం.

అదే సమయానికి కూతురు దారం అయిపోయిందని రోడ్డు దాటి వెళ్లింది. బావమరిది ఆమె వెళ్లడం చూశాడు. చూసి, ఇదే అదను అనుకున్నాడు.

కొక్కెం స్టూలు మీంచి లేచి ఏనుగు దగ్గరికి నడిచాడు.

“వచ్చావా?”

“వచ్చా బావా. నా బళ్లు రెండూ తిప్పి పంపావంట. బజారంతా నవ్వుతోంది.”

“నవ్వరా మరి? అక్క జాగా అమ్ముకోడానికొచ్చిన తమ్ముణ్ణి చూసి ఏడవాలా?”

“అమ్ముకోడమేంటి? పిలిచారు, వచ్చా. నేను రాకపోతే ఇంకోడొస్తాడు. వాడు కొక్కెం వేసి ఈడుస్తాడు, ఇరుసు ఊడొస్తుంది. నేనైతే జాగ్రత్తగా ఎత్తి, యార్డులో నీడన పెట్టిస్తా.”

“అబ్బో. నీడన పెడతాడంట.”

“పంతం ఎవరి మీద బావా? నా మీదే కదా. దానికోసం పిల్లను ఎండలో ఆ రేకు డబ్బాలో కూర్చోబెడతావా? నా యార్డులో ఆఫీసు పనిస్తా దానికి. ఫ్యానుంది.”

“నీ ఫ్యాను కింద నువ్వే కూర్చో. దానికి వాళ్లమ్మ జాగా కావాలి. ఇప్పిస్తా. చాతనైతే ఆపు.”

ఇద్దరూ మొహాలు మొహాలకు ఆనించి అరుచుకుంటున్నారు. ఆ సందడిలో కూతురు దారం ఉండతో తిరిగొచ్చింది. ఏనుగును చూసింది, మావయ్యను చూసింది. గోడ వారగా నడిచి, వ్యాను పక్క తలుపు తీసి, లోపలికెళ్లి చప్పుడు కాకుండా వేసుకుంది. తాళాలాయన చూశాడు. ఆమె పెదాల మీద వేలు పెట్టింది. ఎలాగూ ఎవరో ఒకరు చరుస్తారు, అప్పుడు పలుకుతాను, మావయ్య మొహం చూడాలి అన్నది ఆమె ఆలోచన. తాళాలాయన తల తిప్పుకుని ఒక తాళంలో నూనె పోశాడు.

బావమరిది అరుస్తూనే ఏనుగెక్కి మీటల ముందు కూర్చున్నాడు. బక్కోడు పట్టీలు వ్యాను కింద తోశాడు, పైకి తెచ్చి తొండానికి తగిలించాడు. ఆఖర్న అలవాటుగా అరచెయ్యి ఎత్తాడు.

“ఆగు!” బావమరిది క్యాబిన్లోంచి గర్జించాడు. “తట్టింది చాలు. పొద్దున్నుంచి తడుతూనే ఉన్నారు. తప్పుకో!”

“తట్టాలి ఓనరుగారూ.”

“తప్పుకోమన్నానా?”

కొక్కెం ముందుకొచ్చాడు. అతనికీ తెలియదు లోపల ఎవరున్నారో. అయినా ఒళ్లు మండింది. “తట్టరా. ఎవరి బండైనా తట్టి ఎత్తాలి.”

“ఎవరున్నారు బావా అందులో, పోయినవాళ్లు తప్ప?”

ఆ మాట అన్నవాడికే తెలిసింది అనకూడనిదని. కానీ చెయ్యి అప్పటికే మీట మీద ఉంది. పట్టీలు బిగిశాయి. వ్యాను చక్రాలు ఏళ్ల తర్వాత నేల వదిలాయి. మడమెత్తు, మోకాలెత్తు, మనిషెత్తు. ఇసక మూటల బరువుకు తోక కిందికి వాలిపోయింది. కింద నాలుగు నల్లటి గుంటలు మిగిలాయి, మట్టి తేలి, ఇన్నాళ్లూ ఆ చక్రాలు కూర్చున్న చోట.

మెట్ల మీద అద్దాలాయన చేతులు రుద్దుకున్నాడు.

అప్పుడు వినబడింది. టకటకటకటక. ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఏనుగు ఇంజనుదేమో అనుకున్నారు. టకటకటక. ఆగింది. మళ్లీ టకటకటక. ఆ చప్పుడు తెలియనివాళ్లు ఆ బజారులో లేరు. గాల్లో వేలాడే వ్యానులో కుట్టు మిషను నడుస్తోంది.

పోయినావిడే కుడుతోందనుకుని ఎవరో ముసలావిడ గబుక్కున దణ్ణం పెట్టింది. కిటికీ రేకు పైకి లేచింది. అందులోంచి కూతురి మొహం.

“మావయ్యా! నేను ఉన్నాను లోపల. అడగలేదేం?”

బావమరిది చెయ్యి మీట మీదే గడ్డకట్టింది. గడ్డకట్టింది కాస్తా వణికింది. వణికిన చేతికి మీట కదిలింది. తొండం ఎడమకు తిరిగింది, వ్యాను ఊయలలా ఊగి అద్దాల మీదికి వెళ్లింది. వెంట్రుకవాసిలో ఆగి వెనక్కొచ్చింది.

“నా అద్దాలు! నా అద్దాలు!” అద్దాలాయన మెట్లు దిగి పరిగెత్తాడు. “పెట్టెయ్యండి! ఎక్కడున్నది అక్కడ పెట్టెయ్యండయ్యా!”

“పొద్దున్నుంచి తీసెయ్యండి అన్నది తమరే కదండీ?” అన్నాడు తాళాలాయన.

కొక్కెం ఆ మాటలు వినలేదు. ఏనుగు మెట్టెక్కి క్యాబిన్ తలుపు లాగాడు.

“లే.”

“బావా, నాకు తెలీదు, నాకు నిజంగా...”

“లేరా ముందు!”

లేచాడు. దిగే తొందరలో ప్యాంటు ఏదో మేకుకు తగిలి మోకాలి దగ్గర పర్రుమంది. కొక్కెం ఆ సీట్లో కూర్చున్నాడు. నాలుగు మీటలు. నల్లటి గుండ్రటి తలలు. ఒకదాని మీద అతని బొటనవేలే అరగదీసిన గుంట ఉంది. చెయ్యి పుచ్చితే పుచ్చనీ అనుకుని పట్టుకున్నాడు.

తోక వాలి ఉండడంతో ఇలాగే దించితే తోక ముందు నేలకు కొట్టుకుంటుంది. లోపల మూటలు జారి పిల్ల మీదికి వస్తాయి. ఆ మూటలు పేర్చింది తనే.

“అమ్మాయ్! మిషను వదిలి ముందుకు రా. డ్రైవరు సీటు దగ్గరికి. గట్టిగా పట్టుకో.”

“వచ్చా నాన్నా.”

“దించమంటావా?”

“దించు. మెల్లగా. సూదిలో దారం ఎక్కించే ఉంది.”

ఊగడం ఆగేదాకా అతను ఏ మీటా కదపలేదు. అటూ ఇటూ లాగితే ఇంకా ఊగుతుంది. ఆగేదాకా ఆగడమే పని. బక్కోడు, వెనకాలే తిరిగొచ్చిన నత్త చెరో పక్క వ్యానుకు తాడు వేసి పట్టారు. ఎవరూ పిలవలేదు వాళ్లను. తొండం జానెడు వెనక్కి, తిప్పు బెత్తెడు కుడికి. దించు. ఆపు. దించు. వెనక చక్రాలు రెండూ తమ గుంటల్లో పడ్డాయి. ముందు చక్రాలు తర్వాత, ఒక నిట్టూర్పంత చప్పుడుతో.

పట్టీలు వదులయ్యాయి. కూతురు వెనక్కి వెళ్లి మిషను ముందు కూర్చుంది. టకటకటక.

ఆఫీసరమ్మ గొడుగు ముడుచుకుంటూ సందులోకి వచ్చేసరికి ఏనుగు తొండం ఇంకా పైన ఉంది, జనం ఇంకా నోళ్లు తెరిచే ఉన్నారు. ఆవిడ తొండాన్ని చూసింది, వ్యానును చూసింది, వంగి చక్రాలను చూసింది.

“ఇక్కడేం జరుగుతోంది?”

“దుమ్ము దులిపామండి” అన్నాడు కొక్కెం క్యాబిన్లోంచి. “కింద చాలా పేరుకుంది.”

“మేడమ్, ఈ వ్యాను ఇప్పుడే...” అని అద్దాలాయన మొదలెట్టాడు. జనమంతా ఆయన వైపు తిరిగి చూశారు. ఆయన ఆ వాక్యాన్ని మింగేశాడు.

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి లోపలికి తొంగి చూసింది. కూతురు కుట్టు ఆపకుండానే తల ఊపింది. ఆఫీసరమ్మ గొడుగు గుడ్డ ఒక పుల్ల దగ్గర ఊడిపోయి ఉంది. ఒక క్షణం ఆలోచించి దాన్ని కిటికీలోంచి లోపలికిచ్చింది.

“ఇది అవుతుందా?”

“అవుతుందండి. కూర్చోండి.”

ఆవిడ కొక్కెం స్టూలు మీద కూర్చుంది. గొడుగు తీసుకుని లేచేటప్పుడు జాగా ఆ అమ్మాయిదేనని చెప్పి వెళ్లింది. అద్దాలాయనకు కూడా వినబడేటట్టే చెప్పింది.

జనం పలచబడ్డారు. బావమరిది నల్ల కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని, చిరిగిన మోకాలితో నిలబడ్డాడు. కొక్కెం ఏనుగు దిగి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. ఎంత తుడిచినా జిడ్డు పోవడం లేదు.

“పిల్ల లోపలుందని తెలీదు బావా.”

“అడిగితే చెప్పేది.”

బావమరిది కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఆ రోజూ... నువ్వు మీటల దగ్గరున్నావు. లారీ సగంలో ఉంది, కింద మనుషులున్నారు. చెబితే నీ చెయ్యి వణికేది. ఇప్పుడు నా చెయ్యి వణికినట్టు. అది నా అక్క కాదా? నాకు లేదా బాధ? నన్నేం చెయ్యమంటావు?”

“అడగమంటాను. ఉంటావా వస్తావా అని నన్నడగమంటాను. లారీని సగంలో వదిలేసి వెళ్లేవాణ్ణో, దించాకే వెళ్లేవాణ్ణో, అది నేను తేల్చుకునేవాణ్ణి. నువ్వు తేల్చేశావు. లోపల ఎవరున్నారో తట్టి చూడకుండా ఎత్తేశావు. అప్పుడూ, ఇప్పుడూ.”

“తప్పే. ఒప్పుకుంటున్నా కదా.”

“ఒప్పుకో. వద్దన్నానా?”

“యార్డుకు రా బావా. ఏనుగును నీలా నడిపేవాడు లేడు.”

“లేకపోతే నేర్పుకో.”

అంతే. కొక్కెం వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. బావమరిది ఏనుగు వైపు నాలుగడుగులు వేశాడు. వెనక నుంచి మేనకోడలి గొంతు వినబడింది.

“మావయ్యా, ఆ మోకాలుతో బజారంతా తిరుగుతావా? ఇటు రా.”

“వద్దులేమ్మా.”

“రమ్మన్నానా?”

బావమరిది వెనక్కొచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి బావ వైపు ఒక చూపు చూశాడు. తర్వాత అరచెయ్యి ఎత్తి, వ్యాను రేకు మీద మెల్లగా చరిచాడు. “లోపలెవరైనా?”

“ఉన్నాను” అంది కూతురు. “మోకాలు ఇలా పైకి పెట్టు. కదిలావంటే సూది గుచ్చుకుంటుంది.”

కొక్కెం స్టూలు అటువైపు తిప్పుకున్నాడు. అది కూతురి దుకాణం. ఎవరికి కుట్టాలో అది దాని ఇష్టం. తను చూడాలన్న రూలేం లేదు.

బావమరిది వెళ్లాక, ఏనుగు మోత సందు దాటాక, బక్కోడు చేతులు కట్టుకుని వచ్చాడు.

“గురువుగారూ, జాగా మనదే కదా ఇక. ఇసక మూటలు దించేద్దామా? చెల్లెమ్మకు కాళ్లు పెట్టుకోడానికి చోటు లేదు.”

కొక్కెం షోరూము వైపు చూశాడు. అద్దాల వెనక అద్దాలాయన మళ్లీ ఫోను చెవిలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“ఉండనీ” అన్నాడు. “దాని కాళ్లకు ఓ పీట చేయిస్తాలే.”